సమోవా పండుగల్లో మనం: పిలుపు నుంచి పంక్తి దాకా

పసిఫిక్ దీవుల దేశం సమోవాలో, రాజధాని ఆపియా పక్కన ఒక ఊళ్ళో అద్దెకు దిగిన మొదటి ఆదివారం, తెల్లారకముందే పొగ వాసనకి మెలకువ వచ్చింది. ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకుని కిటికీలు మూసి మళ్ళీ పడుకున్నాను. అది చెత్త కాదని, చుట్టుపక్కల ప్రతి ఇంటి మధ్యాహ్న భోజనమని తెలియడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. పక్కింటి పెద్దావిడ గోడ మీద నుంచి తారో దుంపలు, ఆకు పొట్లం అందించింది కాబట్టి తెలిసింది. లేకపోతే ఏడాదంతా కిటికీలు మూసుకునే పడుకునేవాణ్ణేమో.

సమోవాకి నాలుగు రోజుల కోసం వచ్చేవాళ్ళకి హోటళ్ళలో ఫియాఫియా అని ఒక రాత్రి ప్రదర్శన ఉంటుంది. బఫే, పాటలు, చప్పట్ల డాన్సు, చివర్లో నిప్పుల కత్తి తిప్పడం. బాగుంటుంది, వెళ్ళండి. అయితే ఉద్యోగం మీదో, చదువు మీదో, భార్య లేదా భర్త ఉద్యోగం వల్లో ఏడాది రెండేళ్ళు ఉండాల్సి వచ్చినవాళ్ళకి అది సరిపోదు. ఊళ్ళల్లో జరిగే పండుగలు వేరు. అక్కడ చూసేవాళ్ళకంటూ విడిగా కుర్చీలు వెయ్యరు. వచ్చారంటే మీరు ఏదో ఒక లెక్కలో ఉండాలి: అతిథో, ఎవరి తరఫు చుట్టమో, పనికొచ్చే మనిషో. ఆ లెక్కలోకి ఎలా చేరాలో, చేరాక ఏం చెయ్యాలో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: ముందు ఒక ఇల్లు

పండుగల క్యాలెండర్ తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక కుటుంబం కావాలి. ఇక్కడ కుటుంబాన్ని అయింగా అంటారు. అమ్మానాన్నా పిల్లలతో ఆగదు, పెదనాన్నలు, మేనత్తలు, ఆక్లాండ్‌లో ఉన్న అన్నయ్య, సిడ్నీలో ఉన్న చెల్లెలు అందరూ అందులోవాళ్ళే. మన పాత ఉమ్మడి కుటుంబం చూసినవాళ్ళకి కొత్తేమీ కాదు. ప్రతి అయింగాకి మతాయి అనే పట్టం ఉన్న పెద్దలుంటారు. ఊరి మతాయిలందరూ కూర్చునే సభ ఫోనో. ఊళ్ళో ఏం జరగాలన్నా ఆ సభ మాటే మాట.

నిజం చెప్పాలంటే ఇది వినగానే నాకు చిరాకేసింది. సభ జరుగుతుంటే దాని ముందు నుంచి వెళ్ళేవాళ్ళు గొడుగు ముడుచుకుని వెళ్ళాలంటే, మన పాత పల్లెల్లో ఎవరు ఎవరి వీధిలో చెప్పులు విప్పాలో గుర్తొచ్చింది. కానీ పోలిక పూర్తిగా అతకదు. మతాయి పట్టం పుట్టగానే నెత్తిన పడేది కాదు. కుటుంబం కూర్చుని, ఎవరు ఎంత సేవ చేశారో చూసి ఇస్తుంది. పట్టం లేని కుటుంబం ఉండదు. ఆడవాళ్ళకీ ఇస్తారు. 2021లో ఈ దేశానికి మొదటి మహిళా ప్రధాని అయిన ఫియామె నవోమి మతాఅఫా పేరులో ‘ఫియామె’ అలాంటి పట్టమే. మతాయి కానివాళ్ళు పార్లమెంటుకి పోటీ చెయ్యలేరు కూడా.

కుటుంబం దొరకడం కష్టమేమీ కాదు. ఆఫీసులో పక్క సీటావిడ, ఇంటి ఓనరు, పిల్లల టీచరు, ఎవరో ఒకరు ‘ఆదివారం మా ఇంటికి రండి’ అంటారు. మొహమాటానికి పిలుస్తున్నారేమోనని తప్పించుకోవద్దు. వెళ్ళండి. ఆ తర్వాత మీ సందేహాలన్నీ ఆ ఇంట్లోనే అడగండి. ఏ బట్టలు, ఎంత కవరు, ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి, అన్నీ. ఊళ్ళో మీరు ఫలానావాళ్ళ పాలాంగి అయిపోతారు. పాలాంగి అంటే మామూలుగా తెల్లవాళ్ళు. మన రంగు చూసి ఫిజీ నుంచి వచ్చారా అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఆ అడగడంలో చరిత్ర ఉంది. మద్రాసు రేవు నుంచి ఫిజీ చెరకు తోటలకి కూలీలుగా వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు కదా.

రెండో అడుగు: కట్టు, కూర్చోవడం, నాలుగు మాటలు

బట్టల విషయంలో మనకి ఒక సౌకర్యం ఉంది. లుంగీ కట్టడం వచ్చినవాళ్ళకి లావాలావా కట్టడం నేర్పక్కర్లేదు. ఆడా మగా ఇద్దరూ కడతారు. పెద్ద సందర్భాలకి మగవాళ్ళు ఇయె ఫాయితంగా కడతారు. ఇది జేబులున్న, దర్జీ కుట్టిన లావాలావా. పైన చొక్కా, అవసరమైతే కోటు, టై కూడా. ఆడవాళ్ళకి పులెతాసి, అంటే పొడుగు పావడా మీద అదే గుడ్డతో పై చొక్కా. ఊళ్ళో కుట్టించుకుంటే వారంలో వస్తుంది. మొదటి నెలలోనే ఒకటి కుట్టించుకుని ఉంచండి, పిలుపులు చెప్పి రావు. మగవాళ్ళకి ఒక్క హెచ్చరిక: ఉక్కపోస్తోందని మన అలవాటు కొద్దీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టకండి.

ఇక కూర్చోవడం. సమోవా ఇంటిని ఫాలే అంటారు. సంప్రదాయ ఫాలేకి గోడలుండవు, చుట్టూ స్తంభాలు, పైన కప్పు, కింద చాపలు. చెప్పులు బయట విప్పాలి, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. ఇవి మనకి అలవాటే. కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు చాపకూడదు. మరీ తిమ్మిరెక్కితే చాపుకుని పైన చిన్న చాపో గుడ్డో కప్పుకోవాలి. స్తంభానికి ఆనుకుందామని మాత్రం వెళ్ళకండి. సభ కూర్చున్నప్పుడు ఏ స్తంభం ఎవరిదో నిర్ణయమై ఉంటుంది. గుండ్రటి కొనల వైపువి అలీయిలకి, అంటే పెద్ద పట్టాలవాళ్ళకి. ముందు భాగంలోవి తులాఫాలేలకి, అంటే ఊరి తరఫున మాట్లాడే వక్తలకి. మీకు చోటు చూపించేదాకా గుమ్మం దగ్గర ఆగండి.

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఒక ఇంట్లో అందరం కింద కూర్చుని ఉండగా కర్ర పట్టుకుని ఒక పెద్దాయన వచ్చారు. చిన్నప్పటి నుంచి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు, నేను గభాలున లేచి నిలబడ్డాను. ఫాలే అంతా నిశ్శబ్దం. నా పక్కన కూర్చున్నావిడ నా లావాలావా అంచు పట్టుకుని రెండుసార్లు కిందికి లాగింది. మనకి పెద్దలు వస్తే లేవడం మర్యాద. ఇక్కడ పెద్దలకంటే ఎత్తులో ఉండకపోవడం మర్యాద. కూర్చున్నవాళ్ళతో నిలబడి మాట్లాడకూడదు, ఏదైనా అందించాలన్నా కూర్చునో వంగో అందించాలి. కూర్చున్నవాళ్ళ ముందు నుంచి వెళ్ళక తప్పకపోతే నడుం వంచి ‘తులౌ’ అంటూ వెళ్ళాలి. ‘క్షమించండి, దాటుతున్నాను’ అని దానర్థం. సమోవాలో మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే మాట ఇదే. మీ నోట విన్నవెంటనే ముసలివాళ్ళ మొహాలు విప్పారతాయి.

మిగతావి: పలకరింపుకి తాలోఫా, థాంక్స్‌కి ఫాఫెతాయి, దయచేసికి ఫామోలెమోలె, వద్దు అనడానికి లెయాయి. రాతలో ‘జి’ అక్షరం కనిపిస్తే ‘ంగ’ అని పలకాలి. ఇంకో తిరకాసు ఉంది. చర్చిలో, ఉపన్యాసంలో ‘త’ అన్న చోట ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు ‘క’ అంటారు. గ్రాంథికానికీ వాడుకకీ మధ్య తేడాలాంటిదే. మనం కొత్తవాళ్ళం కాబట్టి ‘త’తోనే ఉండటం క్షేమం.

మూడో అడుగు: సాయంత్రం శంఖం

పండుగ అంటే ఏడాదికోసారి వచ్చేదే అనుకోవద్దు. చాలా ఊళ్ళల్లో రోజూ సాయంత్రం ఆరూ ఏడు మధ్య శంఖం ఊదుతారు, లేదా గంట కొడతారు. దాన్ని సా అంటారు. ఇళ్ళల్లో ప్రార్థన సమయం. పది ఇరవై నిమిషాల పాటు వీధిలో తిరగకూడదు. ఊరి కుర్రాళ్ళు లావాలావాలు కట్టుకుని రోడ్డు పక్కన కాపలా నిలబడతారు. ఆ టైముకి మీరు రోడ్డు మీద ఉంటే ఎక్కడివాళ్ళక్కడ ఆగి కూర్చోండి, మళ్ళీ గంట మోగాక కదలండి. జాగింగ్ అలవాటున్నవాళ్ళు టైము మార్చుకోవాలి. ఏ ఊళ్ళో ఎంత కట్టుదిట్టమో ఊరిని బట్టి మారుతుంది. శంఖం చప్పుడుకి మనకి గుడీ జంగందేవరా గుర్తొస్తాయి, ఇక్కడ అదే చప్పుడు బైబిలు తెరిపిస్తుంది.

నాలుగో అడుగు: ఆదివారం

అసలు పండుగ ఇదే, వారం వారం వస్తుంది. ఇది చెయ్యగలిగితే మిగతావన్నీ చెయ్యగలరు.

1830లో జాన్ విలియమ్స్ అనే మిషనరీ సవాయి దీవిలోని సాపపాలీయి దగ్గర దిగాడు. తర్వాత కొద్దికాలంలోనే సమోవా మొత్తం క్రైస్తవమైంది, ఎంతగా అంటే ఇవాళ పాస్టరుకి ఊళ్ళో మతాయితో సమానమైన గౌరవం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. మన మతం వేరైనా చర్చికి వెళ్ళడానికి ఎవరూ అడ్డు చెప్పరు, వెళ్ళకపోతే మాత్రం ఎందుకు రాలేదని అడుగుతారు. తెల్ల బట్టలు వేసుకోండి. భాష అర్థం కాకపోయినా పాట అర్థమవుతుంది. నాలుగు స్వరాల్లో విడిపోయి, వాయిద్యం అక్కర్లేకుండా ఊరంతా పాడుతుంటే వెనక బెంచీలో కూర్చున్నవాళ్ళకి ఒళ్ళు గగుర్పొడుస్తుంది. నమ్మకంతో పనిలేదు. కొన్ని చర్చిల్లో ఏ కుటుంబం ఎంత కానుక ఇచ్చిందో పేరు పెట్టి చదువుతారు. కంగారు పడకండి. మన పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని ‘ఫలానావారి చదివింపులు’ అని అరిచేది గుర్తు తెచ్చుకోండి.

చర్చి అయ్యాక తోఓనాయి, ఆదివారపు భోజనం. నా నిద్ర చెడగొట్టిన పొగ దీని కోసమే. ఇంటి కుర్రాళ్ళు చీకటితోనే లేచి నిప్పు రాజేస్తారు, దాని మీద నల్లరాళ్ళు పేర్చి ఎర్రగా కాలుస్తారు. కట్టెలు కాలిపోయాక రాళ్ళు పరిచి, వాటి మధ్య తారో, పచ్చి అరటికాయలు, సీమపనస, చేప, పంది మాంసం, ఆకు పొట్లాలు సర్ది, పైన అరటాకులతో మూసేస్తారు. చర్చి నుంచి వచ్చేసరికి ఉడికిపోతాయి. దీన్ని ఉము అంటారు. అవకాశం దొరికితే ఉదయం ఐదింటికే ఆ ఇంటికి వెళ్ళి కొబ్బరి కోరండి. కొబ్బరి పిండి పాలు తీసే పని మగపిల్లలదే. బల్ల మీద కూర్చుని బుర్ర తిప్పుతూ వాళ్ళు కోరే వేగం చూస్తే కోనసీమవాళ్ళు కూడా నోరు తెరుస్తారు.

శాకాహారుల టెన్షన్ నాకు తెలుసు. ధైర్యంగా ఉండండి, పలుసామి ఉంది. లేత చేమాకులు దొంతరగా పేర్చి, అరచేతిలో గుంటలా పట్టుకుని, చిక్కటి కొబ్బరిపాలు, ఉల్లిపాయ, ఉప్పు వేసి మూట కట్టి కాల్చేది. చేమాకు తిన్న ఏ తెలుగు నాలుకకైనా ఇది వెంటనే పడుతుంది. తారోని మన చేమదుంపకి పెద్దన్న అనుకోండి. అయితే పలుసామిలో ఒక్కోసారి పీసుపో కలుపుతారు. పీసుపో అంటే డబ్బా గొడ్డుమాంసం. ఒకప్పుడు ఓడల్లో వచ్చిన బఠాణీ సూపు డబ్బాల ఇంగ్లీషు పేరే తిరిగి తిరిగి ఇలా అయింది. తిననివాళ్ళు పంక్తిలో కూర్చున్నాక చెప్పడం కాదు, ముందురోజే పిలిచినవాళ్ళకి చెప్పండి. మతం వల్ల తినం అంటే వెంటనే అర్థం చేసుకుంటారు, ఇక్కడ మతానికున్న విలువ అలాంటిది. చేప తినేవాళ్ళు ఓకా వదలొద్దు: పచ్చి చేప ముక్కలు, నిమ్మరసం, కొబ్బరిపాలు, ఉల్లి, టమాటా. సాపాసుయి అనే సేమ్యాలాంటి వంటకం చైనా వాళ్ళ వల్ల వచ్చింది. కోకో సమోవా తాగండి, ఇక్కడి కోకో గింజల్ని వేయించి దంచి కాచేది. గ్లాసు అడుగున పిప్పి ఉంటుంది, అదీ రుచే.

అతి ముఖ్యమైనది. అతిథులకీ, పాస్టరుకీ, పెద్దలకీ ముందు వడ్డిస్తారు. ఇంటివాళ్ళు, పిల్లలు పక్కన నిలబడో కూర్చునో విసనకర్రతో ఈగలు తోలుతుంటారు. మీ ముందు పెట్టినదంతా తినేయకండి. విస్తట్లో మెతుకు వదిలితే దోషం అని పెరిగినవాళ్ళం, తిరస్కరించినట్టవుతుందేమోనని కుక్కుకుని తింటాం. నేనూ అలాగే మూడు పలుసామిలు ముగించాను. తర్వాత తెలిసింది, మనం వదిలినదాంతోనే పిల్లల పంక్తి లేస్తుందని. అన్నీ రుచి చూడండి, బాగుందనండి, సగం వదలండి. తిన్నాక ఒక అమ్మాయి గిన్నెలో నీళ్ళు, భుజాన తువ్వాలుతో వస్తుంది. చేతులు కడుక్కుని తువ్వాలు తిరిగివ్వండి. వెళ్ళేటప్పుడు పొట్లం కట్టిస్తారు. వద్దనకండి.

భోజనం తర్వాత ఊరు మొత్తం పడుకుంటుంది. ఆదివారం మధ్యాహ్నం ఈతకి వెళ్దామని సముద్రం దారి పట్టొద్దు, చాలా ఊళ్ళల్లో కుదరదు. మామూలు రోజుల్లో కూడా బీచి ఫలానా ఊరిది, ఫలానా కుటుంబానిది. ఈ దేశంలో భూమి ఎక్కువ భాగం కుటుంబాల ఉమ్మడి సొత్తు, అమ్మడానికి లేదు. అడిగిన డబ్బు కట్టి దిగండి.

ఐదో అడుగు: అవ గిన్నె ముందు

అతిథుల్ని ఆహ్వానించాలన్నా, కొత్త మతాయికి పట్టం కట్టాలన్నా అవ తప్పదు. మిరియాల జాతికి చెందిన ఒక మొక్క వేరు పొడిని నీళ్ళల్లో పిసికి తీసే పానీయం. మట్టి రంగు, చేదు, నాలుక కాస్త మొద్దుబారుతుంది. మత్తు కోసం తాగేది కాదు, వరస కోసం తాగేది. చాలా కాళ్ళున్న చెక్క గిన్నె తానోవా వెనక ఒక అమ్మాయి కూర్చుని కలుపుతుంది. తులాఫాలేలు వంతులేసుకుని మాట్లాడతారు. ఒక చేతిలో ఎత్తు కర్ర, భుజాన కొబ్బరిపీచు కుచ్చు. ఆ ప్రసంగం అర్థం కాకపోయినా కదలకుండా వినాలి. ఎవరి పట్టం ఎక్కడ మొదలైందో, ఏ ఊరికి ఏ గౌరవ వాక్యాలు చెల్లుతాయో తప్పు లేకుండా చెప్పడమే దాని గొప్పతనం. గోత్రనామాలు చదివే పురోహితుడు ఒక పేరు మింగేస్తే మన పెళ్ళిలో ఏమవుతుందో ఊహించుకోండి.

తర్వాత ఒకాయన బిగ్గరగా పేర్లు పిలుస్తాడు. మొదటి కప్పు ఎవరికి, చివరిది ఎవరికి అన్నది ఆ సభలో అందరి హోదాల పట్టిక. మీ పేరు పిలిస్తే కొబ్బరి చిప్ప కప్పు మీ ముందుకొస్తుంది. రెండు చేతులా అందుకుని, నాలుగు చుక్కలు కింద వదిలి, ‘మనూయా’ అని తాగండి. మిగతావాళ్ళు ‘సోయిఫువా’ అంటారు. మొత్తం తాగక్కర్లేదు, మిగిలింది తిరిగిచ్చేయొచ్చు. అంతే. ఫోటోలు తీయాలంటే ముందే అడగాలి, కప్పు చేతిలో ఉన్నప్పుడు సెల్ఫీ మాత్రం వద్దు.

ఆరో అడుగు: ఏడాది లెక్క

ఇప్పుడు క్యాలెండర్ తియ్యండి. ముందుగా ఒక సరదా: ఈ దేశంలో 2011 డిసెంబర్ 30 అనే రోజు రాలేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వీలుగా ఉంటుందని తేదీ రేఖకి ఇటు పక్కకి మారిపోయారు. 29 గురువారం రాత్రి పడుకుని 31 శనివారం లేచారు. క్షయ తిథులకి అలవాటు పడ్డ మనకి ఇందులో వింతేముంది. అంతకు రెండేళ్ళ ముందు, 2009 సెప్టెంబర్ 7న, రోడ్డు మీద కుడి నుంచి ఎడమకి కూడా మారారు, కాబట్టి డ్రైవింగ్ మన పద్ధతే. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు ఇక్కడి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుందని గుర్తుంచుకోండి.

స్వాతంత్ర్యం వచ్చింది 1962 జనవరి 1న, న్యూజిలాండ్ పాలన నుంచి. వేడుక మాత్రం జూన్ 1న చేస్తారు. ఊరేగింపు, జెండా, ఫౌతాసి పడవ పందాలు. నలభై యాభై మంది తెడ్లేసే పొడవాటి పడవలవి. తీరం పొడవునా నిలబడి ఊళ్ళ పేర్లతో అరిచే జనాన్ని చూస్తే మన కోనసీమ పడవ పోటీలు గుర్తొస్తాయి. కానీ వెళ్ళేముందు కొంచెం చరిత్ర తెలుసుకుని వెళ్ళండి. 1918లో ఆక్లాండ్ నుంచి వచ్చిన తలూనే అనే ఓడని క్వారంటైన్‌లో పెట్టకుండా వదిలేయడంతో ఫ్లూ పాకి జనాభాలో ఐదో వంతు దాకా చనిపోయారు. 1929 డిసెంబర్ 28న, న్యూజిలాండ్ పాలన వద్దన్న మౌ అనే ఉద్యమం ఆపియాలో శాంతియుతంగా ఊరేగుతుంటే పోలీసులు కాల్పులు జరిపారు. ఉద్యమ నాయకుడు తూపువా తమసేసె లేయాలోఫీ చనిపోయాడు. 2002 జూన్‌లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ ఆపియా వచ్చి వీటికి క్షమాపణ చెప్పారు. ఈ సంగతులు తెలిసి చూస్తే పెరేడ్‌లో నడిచే ముసలివాళ్ళ మొహాలు వేరుగా కనిపిస్తాయి.

సెప్టెంబర్‌లో ఆపియాలో తెవుయిలా ఉత్సవం. ఎర్రటి అల్లం జాతి పువ్వు పేరది. అన్నీ ఒకే చోట చూపిస్తారు కాబట్టి కొత్తవాళ్ళకి అనువు. నాకైతే ఊళ్ళో జరిగే చిన్న సంబరమే ఇష్టం.

అక్టోబర్ రెండో ఆదివారం లోతు తమాయితి, పిల్లల ఆదివారం. ఇక్కడ లోతు అంటే ప్రార్థన. పిల్లలకి కొత్త తెల్లబట్టలు కుట్టిస్తారు. వారాల తరబడి సాయంత్రాలు బైబిలు వాక్యాలు కంఠతా పట్టిస్తారు, నాటికలు వేయిస్తారు. ఆ రోజు చర్చి వాళ్ళదే. నాలుగేళ్ళ పిల్ల మైకు ముందు మాట మర్చిపోయి బిక్కమొహం వేస్తే వెనక నుంచి అమ్మమ్మ అందిస్తుంది, చర్చి అంతా నవ్వుతుంది. ఇంటికొచ్చాక పంక్తి తిరగబడుతుంది: పిల్లలు ముందు తింటారు, పెద్దలు వడ్డిస్తారు. ఏడాదంతా ఈగలు తోలిన పిల్లలు ఆ రోజు కూర్చుని ఐస్‌క్రీమ్ రెండోసారి అడుగుతారు. ఏడాదికి ఒక్క పండుగే చూడగలిగితే ఇదే చూడమంటాను. మర్నాడు సోమవారం సెలవు.

అదే రోజుల్లో, అక్టోబర్ నవంబర్ నెలల్లో, పౌర్ణమి అయిన వారానికి పాలోలో లేస్తుంది. పగడపు దిబ్బల్లో ఉండే ఒక సముద్రపు పురుగు తోకభాగాలు తెల్లారకముందు నీటి పైకి తేలే రాత్రి. ఏడాదికి ఒకటి రెండు రాత్రులే. లాంతర్లు, వలలు, జల్లెళ్ళు పట్టుకుని ఊరంతా నడుం లోతు నీళ్ళల్లో నిలబడుతుంది. ఆకుపచ్చ, గోధుమ రంగు సేమ్యాలా ఉంటుంది. వెన్నలో వేయించి రొట్టె మీద వేసుకుంటారు. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరివాళ్ళకి ఈ ఆత్రం అర్థం చేసుకోవడం కష్టం కాదు, రుచి అర్థం కావడానికి టైము పట్టొచ్చు.

క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు కిరికితి మైదానం వెతుక్కోండి. మూడు పలకల బరువు బ్యాటు, రబ్బరు బంతి, జట్టుకి ఊళ్ళో ఎంతమంది ఉంటే అంతమంది. వికెట్ పడితే పాట, డాన్సు. ఆడమంటే ఆడండి, ఎల్‌బీడబ్ల్యూ గురించి వాదించకండి.

ఏడో అడుగు: చదివింపుల లెక్క

ఇక్కడ నెమ్మదిగా చదవండి, డబ్బు సంగతి.

పెళ్ళి, చావు, పట్టాభిషేకం, చర్చి ప్రారంభం, ఇలాంటి ఏ పెద్ద సందర్భమైనా ఫాలావెలావె అంటారు. ఆ మాటకి చిక్కు, ఇబ్బంది అని కూడా అర్థం. ఎందుకో ఒక్క ఫాలావెలావె చూస్తే తెలుస్తుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు అప్పు చేసైనా డబ్బు పంపుతారు. గొప్పగా చెప్పుకునేవాళ్ళూ వీళ్ళే, నెలాఖర్న తిట్టుకునేవాళ్ళూ వీళ్ళే. మన దగ్గర పెళ్ళి చేసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పాలా?

అన్నిటికంటే విలువైన కానుక ఇయె తోంగా. మొగలి జాతి ఆకుని సన్నగా చీల్చి అల్లిన చాప. చాప అంటున్నాను కానీ కూర్చోవడానికి కాదు. మంచిది పట్టుగుడ్డలా జారుతుంది. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని అల్లుతారు. చేతులు మారినకొద్దీ విలువ పెరుగుతుంది. 2019లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. దాన్ని నలుగురు పట్టుకుని విప్పి గాలిలో ఆడిస్తూ తెస్తుంటే అందరూ కేకలేస్తారు. మీరూ వెయ్యొచ్చు.

మీరు ఏం చెయ్యాలి? ఆఫీసులో ఎవరి తండ్రో పోయారనుకోండి. ఒంటరిగా వెళ్ళకండి, ఆఫీసువాళ్ళో మీ కుటుంబమో గుంపుగా వెళ్ళేటప్పుడు కలవండి. దీన్ని సీయి అంటారు. ఎంత ఇవ్వాలో ముందే అడిగి కవరులో పెట్టి గుంపు పెద్ద చేతికివ్వండి. వాళ్ళ వక్త లేచి ఎవరు ఏం తెచ్చారో బిగ్గరగా చదువుతాడు. తర్వాత ఆ ఇంటివాళ్ళు మీకు ఎదురు కానుకలిస్తారు: చేప డబ్బాల పెట్టె, కోడిమాంసం పెట్టె, గుడ్డ, ఒక్కోసారి చాప, కొబ్బరిబొండానికి గుచ్చిన నోటు. దుఃఖంలో ఉన్నవాళ్ళ దగ్గర తీసుకోవడమేమిటని నేను మొదటిసారి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తప్పు. తీసుకోకపోతే వాళ్ళ పెద్దరికాన్ని కాదన్నట్టు. తీసుకుని మీతో వచ్చినవాళ్ళకి పంచండి, పీసుపో డబ్బాలు తిననివాళ్ళకి ఇదే మార్గం. సమాధి ఇంటి ముందే, అరుగులా కడతారు. చూసి ఉలిక్కిపడకండి. పిల్లలు దాని మీదే కూర్చుని ఆడుకుంటారు.

ఒక చిన్న జాగ్రత్త: ఇంటికెళ్ళినప్పుడు ఏ వస్తువునీ పదేపదే మెచ్చుకోకండి. తీసి మీ చేతుల్లో పెట్టేస్తారు. నా దగ్గర ఒక చెక్క పళ్ళెం అలాగే చేరింది, ఇప్పటికీ చూస్తే కొంచెం సిగ్గేస్తుంది.

ఎనిమిదో అడుగు: సివా

ఏ వేడుకైనా డాన్సుతో ముగుస్తుంది. డాన్సుని సివా అంటారు. చివరి నాట్యం తౌవలుంగా, ఊళ్ళో పెద్ద పట్టం ఉన్నాయన కూతురో కొడుకో తలకి ఎత్తు కిరీటం పెట్టుకుని చేస్తారు. మోకాళ్ళు కొంచెం వంగి ఉంటాయి, పాదాలు నేల వదలవు, పనంతా వేళ్ళది, మణికట్టుది, చూపుది. చుట్టూ మిగతావాళ్ళు కావాలని కోతిగంతులేస్తారు, కేకలేస్తారు, నేల మీద పడి దొర్లుతారు. ఇదేమిటి, అమ్మాయి డాన్సు పాడుచేస్తున్నారే అనుకోకండి. వాళ్ళ మొరటుతనం పక్కన ఆమె నాజూకు ఇంకా ఎత్తుగా కనబడాలని చేసే పని అది. మిమ్మల్ని లాగితే మీరు కూడా ఆ గంతుల బ్యాచ్‌లోకే వెళ్ళండి, అందంగా డాన్స్ చేసి పోటీ పడొద్దు. మన డాన్సుకి ఆ ప్రమాదం ఎలాగూ తక్కువే. చిన్న నోట్లు జేబులో ఉంచుకుని వెళ్ళి ఆమె ముందు నేల మీద వెయ్యండి. అది లాఫో. దేని కోసం సభ జరుగుతోందో దానికే పోతుంది.

ఇదంతా చూశాక కొంతమందికి పచ్చబొట్టు మీద మనసు పోతుంది. చేతి మీద చిన్న పట్టీ అయితే ఫరవాలేదు. నడుం నుంచి మోకాళ్ళ దాకా ఉండే పెఅ జోలికి మాత్రం సరదాకి వెళ్ళకండి. దువ్వెనలాంటి పనిముట్టుని సుత్తికర్రతో కొడుతూ రోజుల తరబడి వేసేది. మొదలుపెట్టి మధ్యలో మానేస్తే కుటుంబానికే నామర్దా. ఆడవాళ్ళు వేయించుకునే పచ్చబొట్టు మాలు, దానికీ అంతే గౌరవం ఉంది.

ఆ తర్వాత

సమోవాలో ఒక సామెత ఉంది: ఓ లె ఆలా ఇ లె పులె ఓ లె తౌతువా. పెత్తనానికి దారి సేవ అని అర్థం. అక్కడ ఎక్కువ కాలం ఉంటే ఏదో ఒక ఆదివారం మీకు పంక్తిలో చోటు చూపించరు. చోటు లేదని కాదు. ఎవరో నవ్వుతూ నీళ్ళ గిన్నె మీ చేతుల్లో పెట్టి, తువ్వాలు మీ భుజాన వేస్తారు. చిన్నబుచ్చుకోకండి, ఎందుకని అడగకండి. పాస్టరు దగ్గర మొదలుపెట్టండి, తర్వాత పట్టం పెద్దవాళ్ళు, తర్వాత మిగతావాళ్ళు. ప్రతి ఒక్కరి ముందూ వంగండి, గిన్నె వాళ్ళ చేతుల కింద ఉండాలి, నీళ్ళు చాప మీద ఒలకకూడదు. ముందు నుంచి దాటేటప్పుడు తులౌ. అందరూ అయ్యాక గిన్నె వంటచోట పెట్టి, పిల్లలతో పాటు వెనక పంక్తిలో కూర్చోండి. పలుసామి చల్లారి ఉంటుంది. చల్లారితే ఇంకా బాగుంటుంది.